పసిబిడ్డతో క్రూజ్: చెన్నైలోని తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది, ఏడాదిన్నర బిడ్డ ఉన్న ఇంట్లో క్రూజ్ మాట రాగానే అందరూ ఓడ ఎంత పెద్దది, ఎన్ని జారుడుబల్లలున్నాయి, రాత్రి షో ఏమిటి అని చూస్తారు. వాటిలో సగం మీరు చూడనే చూడరు. రాత్రి ఎనిమిదికి బిడ్డ పడుకుంటే ఇక మీ క్రూజ్ అంతా మీ గదిలోనే. అందుకే ఇక్కడ ఓడ కన్నా గది గురించి, షోల కన్నా పాలసీసా గురించి ఎక్కువ రాశాను. చెన్నైలో ఉంటూ ఇక్కడి రేవు నుంచి గానీ, సింగపూర్ వెళ్ళి గానీ ఓడ ఎక్కాలనుకునేవాళ్ళ కోసం ఇది.

మా పాపకి అయిదో నెల. వచ్చే వారం టికెట్లు చవగ్గా ఉన్నాయి. ఎక్కనిస్తారా?

ఎక్కనివ్వరు. రాయల్ కరీబియన్, డిస్నీ, కార్నివాల్, నార్వేజియన్ లాంటి పెద్ద కంపెనీలన్నీ మామూలు ప్రయాణాలకి ఆరు నెలలు నిండాలంటాయి. మహాసముద్రం దాటే ప్రయాణాలకీ, రేవు తగలకుండా రోజుల తరబడి నీళ్ళ మీదే ఉండేవాటికీ రాయల్ కరీబియన్, కార్నివాల్ ఏడాది నిండాలంటాయి. ఈ లెక్క బుక్ చేసిన రోజుకి కాదు, ఓడ బయల్దేరే రోజుకి. ఒకటి రెండు రోజులేగా అని వెళ్తే రేవులోనే ఆపేస్తారు, కట్టిన డబ్బు మీద కూడా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇది ఉత్తి కాగితం రూలు కాదు. ఓడలో డాక్టరు ఉంటారు, చిన్న ఆసుపత్రి ఉంటుంది. పసిపిల్లల ఐసీయూ మాత్రం ఉండదు. నడిసముద్రంలో బిడ్డకి ఊపిరి కష్టమైతే దగ్గరి రేవు ఎంత దూరమన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి. పిల్లల్ని అసలు ఎక్కించుకోని ఓడలూ ఉన్నాయి. వర్జిన్ వోయేజెస్‌లో 18 ఏళ్ళు నిండినవాళ్ళకే ప్రవేశం. ఆఫర్ చూసి తొందరపడకండి.

అన్నప్రాశన కాకుండా బిడ్డని సముద్రం దాటించొద్దని మా అత్తగారు అంటున్నారు. ఏం చెప్పమంటారు?

సరేనండి అనండి. ఆడపిల్లకి అయిదో నెలలో, మగపిల్లాడికి ఆరో నెలలో అన్నప్రాశన అయిపోతుంది. ఓడవాళ్ళు ఎలాగూ ఆరు నెలలు నిండేదాకా రానివ్వరు. కంపెనీ రూలూ అత్తగారి రూలూ ఇంత చక్కగా కలిసే సందర్భం మళ్ళీ రాదు.

ఆరు నెలలు నిండితే చాలా? అసలు ఏ వయసులో వెళ్తే మనకి సుఖం?

నన్నడిగితే ఏడో నెల నుంచి పాకడం జోరందుకునే దాకా మంచి కాలం. బిడ్డ కూర్చుంటుంది, మెత్తటి అన్నం తింటుంది, పగలు రెండు సార్లు నిద్రపోతుంది, ఒళ్ళో ఉంటే లోకంతో పని లేదు.

పాకడం మొదలైన దగ్గర్నుంచి రెండేళ్ళు నిండే దాకా అన్నిటికన్నా కష్టం. గదిలో కార్పెట్ మీద దొరికిందల్లా నోట్లోకి పోతుంది. చాలా ఓడల్లో బాత్‌రూమ్ గడప ఎత్తుగా ఉంటుంది, బుడిబుడి అడుగులవాళ్ళు అక్కడే పడతారు. డైనింగ్ హాల్లో గంటసేపు కుర్చీలో కూర్చోమంటే కూర్చోరు. ఈ వయసులో వెళ్ళక తప్పదంటే కింద రాసిన నర్సరీ ఉన్న ఓడనే ఎంచుకోండి.

ఆగగలిగితే మూడేళ్ళు నిండి, టాయిలెట్ అలవాటయ్యేదాకా ఆగండి. అప్పుడు చాలా ఓడల్లో కిడ్స్ క్లబ్ పగటిపూట ఉచితం. మీకూ రెండు పూటలు తీరిగ్గా భోంచేసే భాగ్యం కలుగుతుంది.

చెన్నై నుంచే ఎక్కాలా, సింగపూర్ వెళ్ళాలా?

అందరూ తిరిగి తిరిగి అడిగే ప్రశ్న ఇదే. కొంచెం వివరంగా చెప్తాను.

చెన్నై నుంచి అంటే ప్రధానంగా కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ. 2022 జూన్‌లో మొదటిసారి ఇక్కడి నుంచి బయల్దేరింది. 2023 జూన్‌లో చెన్నై రేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ తెరిచాక శ్రీలంకలోని హంబన్‌టోట, ట్రింకోమలీ, కాంకేశన్‌తురై వైపు కూడా నడిపారు. నైరుతి రుతుపవనాలకి అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉండే నెలల్లో ఈ ఓడ తూర్పు తీరానికి వస్తుంది, తర్వాత ముంబై వైపు వెళ్ళిపోతుంది. అంటే మీకు సెలవు దొరికిన నెలలో ఓడ ఇక్కడ ఉండాలన్న నియమం లేదు. ముందు షెడ్యూల్ చూసుకుని తర్వాత లీవు పెట్టండి.

దీనిలో లాభాలు చిన్నవి కావు. విమానం లేదు. వేలచ్చేరి నుంచో అన్నానగర్ నుంచో కారెక్కితే రాజాజీ సాలై దగ్గర దిగుతారు. పరదేశం రేవు తగలని రెండు రాత్రుల ట్రిప్పయితే పాస్‌పోర్ట్ గొడవ కూడా ఉండదు. ఇడ్లీ, పప్పన్నం, పెరుగు అడగకుండానే ఉంటాయి. బిడ్డకి సరిపడకపోతే రెండు రోజుల్లో ఇంట్లో ఉంటారు.

మరో వైపు కూడా చూడాలి. ఎంప్రెస్ 1990 నాటి ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్ వాళ్ళది. సైజు 50 వేల గ్రాస్ టన్నుల లోపే. సింగపూర్ నుంచి తిరిగే జెంటింగ్ డ్రీమ్ 2016లో వచ్చింది, లక్షన్నర టన్నులు. చిన్న ఓడ అలలకి ఎక్కువ ఊగుతుంది. గదులు కూడా చిన్నవి. మంచం పక్కన తొట్టిమంచం వేశాక నడవడానికి చోటు మిగలడం కష్టం. సాయంత్రమైతే కేసినో, డీజే హడావుడి. పెళ్ళికాని స్నేహితుల గుంపులకి అది సరదా, పసిబిడ్డ తల్లికి కాదు.

సింగపూర్ అయితే చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానం. అక్కడ జెంటింగ్ డ్రీమ్ రెండు మూడు రాత్రుల ట్రిప్పులు వేస్తుంది. మనవాళ్ళు బాగా ఎక్కుతారు కాబట్టి శాకాహారం, జైన భోజనం కూడా ఉంటాయి. రాయల్ కరీబియన్ ఓడలు సీజన్‌ని బట్టి వస్తాయి. డిస్నీ అడ్వెంచర్ 2026 మార్చి నుంచి మూడు, నాలుగు రాత్రుల ప్రయాణాలతో మొదలయ్యేలా వేసుకున్నారు. అందులో ఆరు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకి విడిగా నర్సరీ ఉంటుంది. అయితే డిస్నీ బొమ్మలు మీ ఎనిమిది నెలల బిడ్డకి తెలియవు. ఆ టికెట్ ధర ఎవరి సరదాకి కడుతున్నారో ఒక్కసారి ఆలోచించుకోండి.

నా మాట: బిడ్డకి పాస్‌పోర్ట్ ఉండి, విమానంలో ఒకసారి ప్రయాణం చేసి ఉంటే సింగపూర్ నుంచి మూడు రాత్రులు. పాస్‌పోర్ట్ లేకపోతే, అసలు మనకి ఓడ పడుతుందా లేదా చూద్దామనుకుంటే చెన్నై నుంచి రెండు రాత్రులు.

ఎన్ని రాత్రులు బుక్ చేయాలి?

మూడు. ఓడ పడుతుందో లేదో చూడటానికి చెన్నై నుంచి అయితే రెండు. కొత్త చోట బిడ్డ నిద్ర సర్దుకోవడానికి ఒకటి రెండు రాత్రులు పడుతుంది. ఒక్క రాత్రి ట్రిప్పయితే సర్దుకోకముందే దిగిపోతారు. వారం రోజులయితే మీ ఓపిక అయిపోతుంది.

ఏ నెలలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది?

బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేది రెండు కాలాల్లో. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదలు దాకా ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకొకటి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ వచ్చి చెన్నైని ముంచినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తుపాను ఉంటే ఓడ దారి మారుస్తుంది, లేదా ట్రిప్పే రద్దవుతుంది.

సింగపూర్ నుంచి పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, ఫుకెట్ వైపు వెళ్ళేది మలక్కా జలసంధి మీదుగా. రెండు వైపులా భూమి ఉంది కాబట్టి అక్కడ పెద్ద అలలు అరుదు. అదే వియత్నాం వైపు అయితే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల దక్షిణ చైనా సముద్రం బాగా ఊపుతుంది. బిడ్డతో మొదటిసారి మలక్కా వైపే మేలు.

ఎలాంటి గది తీసుకోవాలి? బాల్కనీ ప్రమాదం కాదా?

డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే. డ్రింక్స్ ప్యాకేజీ, స్పెషల్ రెస్టారెంట్లు మానేసి ఆ డబ్బు గది మీద పెట్టండి.

కిటికీ లేని లోపలి గది చవక. పగలు కూడా చిమ్మచీకటిగా ఉంటుంది కాబట్టి బిడ్డ హాయిగా నిద్రపోతుంది. కాకపోతే ఆ చీకట్లో మీరూ ఉండాలి. రాత్రి ఎనిమిది నుంచి లైటు వేయకుండా, గుసగుసగా మాట్లాడుకుంటూ మంచం మీద ఫోన్లు చూసుకోవాలి. బాల్కనీ ఉంటే బిడ్డని పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసి, బయట కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతూ సముద్రాన్ని చూడొచ్చు. ఆ రెండు గంటల కోసమే బాల్కనీకి ఎక్కువ కట్టమంటాను.

ప్రమాదం సంగతి: ఇంకా నిలబడని బిడ్డకి ఇబ్బంది లేదు. కుర్చీలు ఎక్కే వయసు వస్తే మాత్రం బాల్కనీలో కుర్చీ, బల్ల రెయిలింగ్ దగ్గర లేకుండా లోపలికి జరపాలి, తలుపు గొళ్ళెం పైకి వేసి ఉంచాలి. బిడ్డని ఎత్తుకుని రెయిలింగ్ దగ్గర ఫోటో దిగడం వద్దు. ఆ గాలికి చున్నీ మొహం మీద పడినా చెయ్యి పట్టు తప్పుతుంది.

గది ఎక్కడుందన్నది కూడా చూడాలి. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముందు కొసన, వెనక కొసన, పైన ఎక్కువ. థియేటర్ పైనా, ఈతకొలను ఉన్న డెక్ కిందా ఉన్న గదులు వద్దు. పొద్దున్నే అయిదింటికి నెత్తిమీద కుర్చీలు జరుపుతుంటే బిడ్డ లేస్తుంది. డెక్ ప్లాన్ కంపెనీ సైట్‌లో ఉంటుంది, మీ గది నంబర్ పైనా కిందా ఏముందో చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

తొట్టిమంచం చాలా కంపెనీలు ఉచితంగా ఇస్తాయి. సంఖ్య తక్కువ కాబట్టి బుకింగ్ రోజే అడిగి, కన్ఫర్మేషన్‌లో రాయించుకోండి. ఎక్కాక అడిగితే అయిపోయాయంటారు.

స్నానం ఎలా? మేము ఇంట్లో కాళ్ళ మీద పడుకోబెట్టి పోస్తాం.

చాలా ఓడల్లో మామూలు గదుల్లో టబ్ ఉండదు. ఒక మనిషి నిలబడేంత షవర్ మూల మాత్రమే. అందులో కాళ్ళు చాపుకుని కూర్చోవడం కుదిరే పని కాదు. గాలి ఊదే చిన్న టబ్ ఒకటి తీసుకెళ్ళండి, షవర్ కింద పెడితే సరిపోతుంది. నలుగుపిండి, నూనె అయితే షవర్ నేల జారుతుంది. ఆ మూడు రోజులూ ఆపేస్తే బిడ్డకేం నష్టం లేదు.

కిడ్స్ క్లబ్ ఉందన్నారు. బిడ్డని వదిలి మేమిద్దరం భోజనానికి వెళ్ళొచ్చా?

బుకింగ్ అప్పుడు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. కిడ్స్ క్లబ్ వేరు, నర్సరీ వేరు.

కిడ్స్ క్లబ్ చాలా ఓడల్లో మూడేళ్ళ నుంచి. రాయల్ కరీబియన్‌లో అయితే మూడేళ్ళు నిండటమే కాదు, డైపర్ లేకుండా ఉండాలి. కార్నివాల్‌లో రెండేళ్ళ నుంచి తీసుకుంటారు. అంతకన్నా చిన్నపిల్లలకి నర్సరీ. రాయల్ కరీబియన్ పెద్ద ఓడల్లో, డిస్నీ ఓడల్లో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా తీసుకుంటారు, గంటకింత అని డబ్బు కట్టాలి. చోటు కొద్దిమందికే కాబట్టి ఎక్కిన రోజే, వీలైతే ముందే ఆన్‌లైన్‌లో గంటలు బుక్ చేసుకోవాలి. ఎమ్మెస్సీ అనే కంపెనీ ఓడల్లో మూడేళ్ళ లోపు పిల్లలకి బేబీ క్లబ్ ఉంటుంది. నార్వేజియన్‌లో ఈ వయసు పిల్లలతో తల్లో తండ్రో ఉండి ఆడించాలి, వదిలి రావడం కుదరదు.

“ఫ్యామిలీ క్రూజ్, పిల్లలకి అన్నీ ఉన్నాయి” అని ఏజెంట్ చెప్తే, “ఎనిమిది నెలల బిడ్డని వదిలేసి రావచ్చా?” అని సూటిగా అడగండి. జవాబు నసిగితే లేదని అర్థం.

ఈతకొలనులో దింపొచ్చా? స్విమ్ డైపర్ కొన్నాం.

చాలా ఓడల్లో కుదరదు. డైపర్ వయసు పిల్లల్ని స్విమ్ డైపర్ ఉన్నా సరే పెద్ద కొలనులోకి రానివ్వరు. ఒక్క బిడ్డ చేసిన పనికి కొలను మొత్తం ఖాళీ చేసి శుభ్రం చేయాలి కదా. కొన్ని రాయల్ కరీబియన్ ఓడల్లో పసిపిల్లలకి విడిగా నీళ్ళు చిమ్మే చోటు ఉంటుంది, అక్కడ స్విమ్ డైపర్‌తో ఆడుకోవచ్చు. బిడ్డకి నీళ్ళంటే ప్రాణమైతే ముందే కనుక్కోండి. ఎండలో పైడెక్ మీద ఎక్కువసేపు ఉంచకండి, టోపీ, పొడుగు చేతుల బట్టలు, నీడ ఇవే సన్‌స్క్రీన్ కన్నా నమ్మకం.

పాలు, ఉగ్గు, పెరుగన్నం సంగతేమిటి?

తల్లిపాలు తాగే బిడ్డయితే మీ సామాను సగం తగ్గినట్టే. పాలు పిండి దాచుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. గదిలో కనిపించే చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో ఉత్తి కూలర్, ఇంట్లో ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు. పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు, సరైన ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. కూలర్‌ని నమ్ముకుని నాలుగు రోజుల లెక్క వేసుకోవద్దు. మందుల కోసం ఇచ్చే ఫ్రిజ్ కావాలని ముందే ఈమెయిల్ పెడితే చాలా కంపెనీలు ఏర్పాటు చేస్తాయి.

పాలపొడి, డైపర్లు ఓడ దుకాణంలో దొరుకుతాయని ఆశపడకండి. దొరికినా మీ బ్రాండ్ ఉండదు, ధర వింటే గుండె జారుతుంది. రోజుకి ఎన్ని డైపర్లు వాడతారో లెక్కేసి, ఇంకో రెండు రోజులకి సరిపడా ఎక్కువ పెట్టుకోండి. సింగపూర్‌లో ఒక రోజు ముందు దిగితే లిటిల్ ఇండియాలోని ముస్తఫా అనే పెద్ద దుకాణంలో అన్నీ దొరుకుతాయి.

ఉగ్గు విషయం కొంచెం సున్నితం. సీలు తీయని డబ్బాలు, పొట్లాల్లో బేబీ ఫుడ్‌ని ఓడవాళ్ళు రానిస్తారు. ఇంట్లో వేయించి విసిరిన ఉగ్గుపిండి జిప్ కవర్లో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేయొచ్చు. ఇంట్లో వండిన తిండిని ఎక్కించకూడదన్నది చాలా కంపెనీల నియమం. ముందే రాసి అనుమతి అడగండి, ఆ జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

ఓడ ఎక్కిన రోజు సాయంత్రమే డైనింగ్ హాల్ హెడ్ వెయిటర్‌ని పిలిచి, మెత్తగా ఉడికిన అన్నం, కారం లేని పప్పు, ఉప్పు వేయకుండా కూరగాయ ముద్ద రోజూ ఫలానా టైముకి కావాలని చెప్పండి. చేసిపెడతారు. బఫేలో కారం లేనిది ఏదో వెతుక్కుందాంలే అనుకుంటే ఆ టైముకి బిడ్డ ఆకలితో హాలంతా లేపేస్తుంది. డిన్నర్‌కి రెండు బ్యాచ్‌లుంటే మొదటిదే తీసుకోండి. ఏడాది లోపు బిడ్డ నాలుక మీద తేనె రాయొద్దు, పెద్దవాళ్ళు ఎంత ముద్దుగా చెప్పినా సరే.

ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా?

వద్దు. వేడి పుట్టించే వస్తువులు గదిలో వాడనివ్వరు. కెటిల్, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్, కుక్కర్ అన్నీ ఎక్కేటప్పుడే తీసుకుని దిగేటప్పుడు ఇస్తారు. ఓడలో అందరూ భయపడేది అలల కన్నా మంటలకి. వేడినీళ్ళకి మంచి ఫ్లాస్క్ పట్టుకెళ్ళండి, ఫోన్ చేస్తే నింపిస్తారు. సీసాలు కడగడానికి బ్రష్షూ, చిన్న సబ్బు సీసా మర్చిపోకండి.

సముద్రం పడక వాంతులైతే?

పసివాళ్ళకి ఈ బాధ మనకన్నా తక్కువ. రెండేళ్ళ లోపు పిల్లల్లో అరుదు, ఆ తర్వాతే మొదలవుతుంది. పడిపోయేది ఎక్కువగా అమ్మానాన్నలే. వాళ్ళు పడిపోతే బిడ్డని ఎత్తుకునేదెవరన్నదే అసలు సమస్య.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో ప్రయాణానికి ముందు పిల్లలకి ప్రోమెథజీన్ సిరప్ ఒక చెంచా పట్టే అలవాటు ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకి అది ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళు బస్సు ప్రయాణానికి వేసుకునే అవోమిన్‌లో ఉన్నదీ ఆ మందే. అందులో ముక్క విరిచి ఇవ్వడం అసలే వద్దు. పాలిచ్చే తల్లి తను వేసుకునే మాత్ర కూడా డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి, మత్తు పాల ద్వారా బిడ్డకి చేరుతుంది.

జ్వరం వస్తే? టీకాలు అన్నీ అయ్యాయా అని అడుగుతారా?

ఓడ డాక్టర్ని చూపించుకోవచ్చు, ఫీజు డాలర్లలో ఉంటుంది, పిల్లల స్పెషలిస్ట్ ఉండాలని లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో బిడ్డ పేరు విడిగా ఉండాలి, కనీస వయసు ఎంతో పాలసీలో చూడాలి, ఓడ నుంచి ఒడ్డుకి తరలించే ఖర్చు కూడా కలిసి ఉండాలి.

మందుల సంచీలో మీ డాక్టర్ రాసిన పారాసెటమాల్ సీసానే పెట్టుకోండి. మన దగ్గర డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటే, మామూలు సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకి 120 ఉంటుంది. అంటే మిల్లీలీటరుకి నాలుగు రెట్ల తేడా. డ్రాప్స్ అయిపోయాయని సిరప్‌తోనో, సిరప్ లేదని డ్రాప్స్‌తోనో అదే కొలత పోస్తే చిక్కు. బిడ్డ బరువు, మోతాదు, ఏ సీసా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటర్ ఎలాగూ ఉంటాయి.

టీకాల్లో చూడాల్సింది తట్టు టీకా. మన దగ్గర మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక. విదేశం వెళ్ళే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకి ముందే ఒక డోసు వేయించమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ఈ డోసు తర్వాతి లెక్కలోకి రాదు, మళ్ళీ మామూలు టైముకి వేయించాలి. పిల్లల డాక్టర్‌ని కనీసం నెల ముందు కలవండి.

ఓడల్లో బాగా పాకేది వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్. శానిటైజర్ దానికి పెద్దగా పనిచేయదు. సబ్బుతో చేతులు కడగాలి. బిడ్డని ముద్దు చేసే ఆంటీలందరినీ కడుక్కోమని చెప్పలేం కాబట్టి, బిడ్డ చేతులే మాటిమాటికీ కడగండి.

లైఫ్ జాకెట్ బిడ్డ సైజువి ఉంటాయా?

ఉండి తీరాలి. అంతర్జాతీయ సముద్ర భద్రతా నియమాల ప్రకారం 24 గంటలు దాటే ప్రయాణంలో ఓడ ఎక్కిన ప్రతి పసిబిడ్డకీ ఒక చిన్న జాకెట్ ఉండాలి. 15 కిలోల లోపు పిల్లలకి ఒక సైజు, ఆపై వాళ్ళకి ఇంకొకటి. గదిలో కనిపించకపోతే ఎక్కిన రోజే అడిగి, ఒకసారి తొడిగి చూడండి. భద్రతా డ్రిల్లుకి బిడ్డ నిద్రపోతోందని ఎగ్గొట్టడం కుదరదు.

కాగితాలేం కావాలి?

విదేశీ రేవు తగిలితే బిడ్డకి సొంత పాస్‌పోర్ట్. అయిదేళ్ళు చెల్లుతుంది. మామూలు ఫీజు 1,000 రూపాయలు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి 10 శాతం తగ్గింపు. చెన్నైలో సాలిగ్రామం, అమింజికరై, తాంబరం సేవా కేంద్రాలున్నాయి. తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్సర్ డి అనే ఫారం కావాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో మనమే తీసుకెళ్ళాలి. కళ్ళు తెరిచి, మన చేతులు కనపడకుండా ఆ ఫోటో తీయడమే పెద్ద పరీక్ష.

2023 అక్టోబర్ 1, ఆ తర్వాత పుట్టినవాళ్ళకి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. ఇక్కడే చెన్నై తెలుగువాళ్ళకి ఒక మెలిక. ఇక్కడి ఆసుపత్రుల్లో నమోదయ్యే ధ్రువపత్రంలో చాలాసార్లు బిడ్డ పేరు ఉండదు. బారసాల అయ్యాక కార్పొరేషన్‌లో చేర్పించాలి, ఏడాది లోపయితే రుసుము లేదు. పేరు చేర్చేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయాలా, ఇక్కడి పద్ధతిలో ఇనిషియల్ పెట్టాలా అన్నది ఒక్కసారి ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ధ్రువపత్రంలో ఒకటి, పాస్‌పోర్ట్‌లో ఒకటి, ఓడ టికెట్‌లో ఇంకొకటి ఉంటే చెక్ ఇన్ కౌంటర్ దగ్గర టెన్షన్ మీదే.

సింగపూర్‌కి బిడ్డకి విడిగా వీసా కావాలి. ఓడ మలేషియా వెళ్ళి మళ్ళీ సింగపూర్ వస్తుంది కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో చూడండి. సింగపూర్ చేరడానికి ముందు మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు (అక్కడ దిగేవాళ్ళు నింపే ఫారం) ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపాలి, ఓడలో తిరిగి సింగపూర్ వచ్చేటప్పుడు కూడా. తల్లి ఒక్కతే, లేదా తండ్రి ఒక్కడే బిడ్డతో వెళ్తుంటే రెండో వాళ్ళ అనుమతి పత్రం సంతకంతో ఉంచుకోండి. రేవుల్లో అడుగుతారు.

ప్రతి రేవులో దిగాలా? స్ట్రోలర్ పనికొస్తుందా?

దిగక్కర్లేదు. అందరూ దిగిపోయాక ఓడ ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంటుంది. బిడ్డ తల్లులకి అదే అసలు క్రూజ్.

దిగాలనుకుంటే రేవు ఎలాంటిదో చూడండి. పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్ ఒడ్డునే ఆగుతుంది, దిగి నడిస్తే లిటిల్ ఇండియా. పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ వెళ్ళాలంటే గంట పైనే బస్సు, బిడ్డతో నేనైతే వద్దంటాను. ఫుకెట్‌లో చాలా ఓడలు సముద్రంలో లంగరేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తాయి. అలాంటి చోట స్ట్రోలర్ బరువు, గుండెకి కట్టుకునే క్యారియర్ నయం. స్ట్రోలర్ తెస్తే సన్నగా మడిచేదే తేవాలి. గది తలుపులు ఇరుకు, వసారాలో వదిలేయనివ్వరు.

అమ్మమ్మ, తాతయ్యలని తీసుకెళ్తే బిడ్డని చూసుకుంటారు కదా?

చూసుకుంటారు, కాకపోతే వాళ్ళకి కూడా సెలవేనని గుర్తుంచుకోండి. అందరూ ఒకే గదిలో అంటే పైనుంచి దించే బంకు మంచం ఎవరో ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అది కుదరదు. మధ్యలో తలుపున్న జంట గదులు అడగండి. గదికి ఇంతమందే అన్న లెక్కలో ఒళ్ళో బిడ్డ కూడా ఒక మనిషే, లైఫ్ బోటు సీట్ల లెక్క అది.

బిడ్డకి ఏడాది. నేను మళ్ళీ కడుపుతో ఉన్నాను. వెళ్ళొచ్చా?

ప్రయాణం ముగిసే రోజుకి 24వ వారంలోకి వస్తే రాయల్ కరీబియన్, కార్నివాల్, డిస్నీ ఎక్కనివ్వవు. అంతకు ముందయితే డాక్టర్ ఉత్తరం కావాలి.

“పిల్లలకి ఉచితం” అన్నారు. నిజమేనా?

టికెట్ ఉచితం కావచ్చు. రేవు రుసుములు, పన్నులు బిడ్డకీ ఉంటాయి, కొన్ని కంపెనీలు రోజువారీ టిప్స్ కూడా వేస్తాయి. ఏజెంట్ దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే పైన టీసీఎస్ (అమ్మేవాళ్ళే వసూలు చేసి కట్టే పన్ను) పడుతుంది, అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. నాకు ఒక ఏజెంట్ బిడ్డ పేరు బుకింగ్‌లో చేర్చకుండానే “ఒళ్ళో బిడ్డే కదా, అక్కడ చెప్తే చాలు” అన్నాడు. విమానానికే అది కుదరదు, ఓడకి ఎలా కుదురుతుంది? బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఉన్న కన్ఫర్మేషన్ చేతికి రాకుండా పూర్తి డబ్బు కట్టకండి.

ఓడ సాయంత్రం కదా, అదే రోజు పొద్దున ఫ్లైట్‌లో దిగితే చాలా?

ముందు రోజే దిగండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, కదలడానికి గంట గంటన్నర ముందే చెక్ ఇన్ మూసేస్తారు. రాత్రంతా విమానంలో ఏడ్చిన బిడ్డతో క్యూలో నిలబడటం కన్నా ఒక రాత్రి హోటల్ ఖర్చు నయం. సింగపూర్‌లో పెద్ద ఓడలు ఎక్కువగా మెరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి బయల్దేరతాయి, పక్కనే మెరీనా సౌత్ పియర్ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్. కొన్ని హార్బర్‌ఫ్రంట్ నుంచి వెళ్తాయి, టికెట్ మీద ఏది ఉందో చూసుకోండి. కారులో వెళ్తే ఒక మాట: సింగపూర్‌లో 1.35 మీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకి చైల్డ్ సీట్ తప్పనిసరి. రోడ్డు మీద ఆపే టాక్సీలకి మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకి లేదు. యాప్‌లో పిలిస్తే చైల్డ్ సీట్ ఉన్న కారే బుక్ చేయండి, లేకపోతే డ్రైవర్ వచ్చి బిడ్డని చూసి ఎక్కించుకోకుండానే వెళ్ళిపోతాడు.